ఎవురూ అరవని నాటకం మన సీమలో ఆడుతుందా?

పెన్నఇసక, అనంతపురం:
మొన్న ఆదివారం మా ఊర్లో ఒక కాలేజీ హాల్లో నాటకం చూసినా, దాని గురించి ఎవురితోనన్నా మాట్లాడాలని ఉండాది, ఇంట్లో వినేటోళ్ళు లేరు, అందుకే ఇక్కడ రాస్తాండా. పేరు చెప్పడంల్యా, ఆడినోళ్ళు ఇంకా మార్పులు చేస్తాండారంట, కరపత్రంలో గూడ పేరు ఉండాల్సిన జాగాలో ఒట్టి గీత పెట్టినారు. గంటా పది నిమిషాల నాటిక. ముగ్గురే మనుషులు. కలెక్టరాఫీసు ఎదురుగా యాపచెట్టు కింద బల్ల ఏసుకోని అర్జీలు రాసిచ్చే ఒకాయన, పక్కన టీ అమ్మే ఆమె, ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు వచ్చే ఒక అవ్వ. అంతే. హత్య లేదు, ప్రేమ లేదు, మన సీమ అంటే చాలు సినిమావోళ్ళు తెచ్చిపెట్టే కత్తులు, సుమోలు ఏవీ లేవు.

రేషన్ షాపుల్లో వేలిముద్ర పట్టే ఈ-పాస్ మిషన్లు కొత్తగా వచ్చినప్పటి కాలం అని మాటల్లో తెలుస్తాది, అంటే 2015 ఆ టైములో. అవ్వకు వేలిముద్ర పడదు. బతుకంతా శెనక్కాయలు ఒలిచి, కలుపు తీసి ఏళ్ళ మీద గీతలు అరిగిపోయినాయి. డీలరు వచ్చే నెల రా అంటాడు, అందుకని అర్జీ. మూడో సోమవారానికి బియ్యం సమస్య తీరిపోయిందని ఆమే చెప్తాది, చెప్పి గూడ లేవదు, కూర్చునే ఉంటాది. 'ఇంగోటి రాయి నాయనా' అంటాది. వీధిలైటు గురించి రాయమంటాది. పై వారం పక్కింటోళ్ళ కుక్క. ఆ పై వారం బెంగుళూరులో ఉండే కొడుకు ఫోన్ చేయడంల్యా అని కలెక్టరుకు రాయమంటాది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పడు. 'గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి దివ్య సముఖమునకు' అని మొదలుపెట్టి అంతా రాస్తాడు, రాసింది పైకి చదివి వినిపిస్తాడు, 30 రూపాయలు తీసుకోని జేబులో ఏసుకుంటాడు.

మొదట్లో ఎనక వరస పిల్లోళ్ళు ఈలలు ఏసినారు, 'సౌండ్ పెంచన్నా' అని అరిచినారు. కొడుకు అర్జీ వచ్చేసరికి వాళ్ళే ఎవురో ఫోన్ మోగితే తిరిగి చూసి కసురుకుంటాండారు. నేను అడిగేది ఒకటే. మనకు నాటకమంటే గొంతు గదా, రాగం తీస్తే ఊరి బయట గూడ వినపడాల. ఇంత నెమ్మది నాటకం అనంతపురం, కర్నూలు, కడప జనం డబ్బులు పెట్టి చూస్తారా, లేకపోతే ఇది తెలిసినోళ్ళు తెలిసినోళ్ళ కోసం ఆడుకునేదేనా?

హార్మోనియంతాత, ఆదోని:
పాపా, నేను మీసాలు రాకముందు నుంచి పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తుండా. రాత్రి పది దాటినాక తెర లేస్తే తెల్లారి ఎద్దులు కట్టే టైముకు దించేటోళ్ళం. హరిశ్చంద్ర కాటిసీనులో జనం వన్స్ మోర్ కొడితే పాము కరిచి పడిపోయిన లోహితాస్యుడు గూడ మళ్ళా మొదట్నుంచి పడుకోవాల్సిందే. అది నాటకం. మాట్లాడకుండా కూసునేది చూసేదానికి టికెట్ ఎందుకప్పా, మా ఇంట్లో నేనూ మా కోడలూ రోజూ అదే ఆడుతుండాం, ఫ్రీగా వచ్చి చూసిపోండి.

సంగటిముద్ద, ప్రొద్దుటూరు:
తాత మాటకు నా ఓటు. ఇంగొకటి, అక్కా, నువ్వు రాసిందాంట్లో నాకు నచ్చనిది ఏందంటే ఆ అర్జీలాయన్ని మంచోడు అన్నట్లు రాచ్చాండావు. ఆ ముసలామె దగ్గర వారం వారం 30 రూపాయలు గుంజుకోని, యాడా పనికిరాని కాగితం రాసిచ్చేటోడు మంచోడు ఎట్లయితాడు? కుక్క గురించి కలెక్టరు ఏం చేచ్చాడు? ఆ 30 రూపాయలకు అప్పట్లో ఆమెకు రెండు పూటలు గడిచేది. ఇదేమన్నా మానవత్వమా, దీన్ని ఇంగ లైట్లు ఏసి స్టేజీ మీద చూపిచ్చాండారు. నేను సినిమాకు పోతా.

పెన్నఇసక, అనంతపురం:
సంగటి అన్నా, నువ్వు అడిగిందే నాటకంలో టీ ఆమె అడుగుతాది. అవ్వ ఎల్లిపోయినాక గ్లాసులు కడుగుతా కడుగుతా, ఆయన పక్క చూడకుండానే, 'ఆ ముసలిదాని దుడ్లు గూడ ముట్టుకుంటావు' అంటాది. ఆయన వెంటనే జవాబు చెప్పడు. కార్బన్ కాగితాలు సర్దుకుంటాడు, పెన్ను మూత పెడతాడు, మళ్ళా తీస్తాడు, అప్పుడంటాడు, 'తీసుకోకపోతే పై సోమవారం రాదు' అని. అంతే మాట, ఆమె గూడ ఇంగేం అనదు. నాకు నాటకం మొత్తం అక్కడే ఉందనిపించింది. దుడ్లు ఇచ్చినందువల్ల అవ్వ ఆడ కూర్చునే హక్కు కొనుక్కున్యట్ల. ఊరికే రాసిచ్చి ఉంటే ఆమె దేవులాడుకునే ముసలిదయిపోయేది, పైసలిచ్చినాక పనుండి వచ్చిన మనిషి. బల్ల మీద మోచెయ్యి పెట్టుకోని, అక్కడ తప్పు రాసినావు సరిచెయ్యి అని దబాయిస్తాది గూడ. ఊరికే రాయించుకునేది అయితే అట్ల దబాయించగలదా?

సంగటిముద్ద, ప్రొద్దుటూరు:
అది ఆయన తన జేబుకు చెప్పుకున్న సమాధానం గూడ అయ్యుండొచ్చు గదా. రాసేటోడు తెలివైనోడు, రెండు పక్కలా వాయించినాడు. సరేలే, అడిగేటట్ల చేసినాడు, దానికి మార్కులు ఇచ్చా.

డిమ్మర్‌బోర్డు, కర్నూలు:
నేను లైటింగు, సౌండు చేస్తా, అన్ని రకాల నాటకాలకు. కత సంగతి నాకొద్దు, ఇది ఎట్ల వినిపించినారో ఎవురన్నా చెప్పండి. ఎందుకంటే మన నాటక పరిషత్తు పోటీల స్టేజీల మీద పైనుంచి మైకులు ఏలాడగడతాం, ముందర కింద రెండు పెడతాం, ఆర్టిస్టు తన డైలాగు వచ్చినప్పుడల్లా పైన మైకు యాడుందో చూసుకోని దాని కిందికి నడిచొచ్చి మాట్లాడతాడు. మన నాటకాల్లో మొగుడూ పెండ్లామూ కొట్లాడుకునేటప్పుడు గూడ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జనం పక్క తిరిగి అరుచుకునేది ఎందుకనుకుంటిరి, దాంట్లో సగం ఆ మైకుల పుణ్యం. ఏలాడే మైకు మాటనే కాదు ఫ్యాను రెక్కల గాలి, ఎనక తెర లాగే తాడు, గ్రీన్ రూములో ఎవురో దగ్గేది, అన్నీ పట్టి పెద్దగా చేసి ఇస్తాది. మాటల నాటకంలో అవి మాటల కింద మునిగిపోతాయి. నెమ్మది నాటకంలో ఒక నిమిషం ఎవురూ మాట్లాడకపోతే హాల్లో వినపడేది నాటకం కాదు, ఫ్యాన్లు. కాలర్ మైకులు పెడితే చీర కొంగు తగిలినప్పుడల్లా గరగర. అందుకని అడుగుతున్నా, ఏం చేసినారు?

టీబల్ల, అనంతపురం:
ఇక్కడ ఇప్పుడే చేరినా. ఆ నాటకంలో టీ ఆమె నేనే, ఎవురో లింకు పంపితే అంతా చదివినా, సంగటి అన్న తిట్లతో సహా.

మైకులు ఏవీ పెట్టలేదన్నా. హాల్లో స్టేజీ ఉండాది గానీ దాన్ని ఎక్కలేదు, కింద నేల మీదనే ఆడినాం, మూడు పక్కలా కుర్చీలు ఏసినాం, నాలుగు వరసలకు మించనీయలేదు. ఫ్యాన్లు ఆపేసినాం, అందుకే ఎండాకాలం ఈ నాటకం ఆడలేం, మన ఊర్లో ఫ్యాన్ ఆపితే జనం మమ్మల్నే అర్జీ రాసి కలెక్టరుకు ఇస్తారు. ఈలలు ఏసినోళ్ళు గూడ అంత దగ్గర కూర్చున్యాక, నేను తిరిగి వాళ్ళ కళ్ళల్లోకి చూస్తే ఎట్ల ఏస్తారు, మానుకున్నారు.

ఇంగొకటి చెప్పాల. మా నాటకంలో మాటల్లేని జాగాలు ఎంతసేపు ఉండాలని ఎవురూ లెక్కపెట్టరు. నేను నిజం టీ కాస్తా. పాలు పొంగేదాకా ఎవురూ మాట్లాడకూడదు అని మా డైరెక్టరు పెట్టిన రూలు. హాలోళ్ళు గ్యాసు వద్దన్నారు, అందుకని కరెంటు ఇండక్షన్ పొయ్యి పెట్టి దాని చుట్టూ తుప్పు పట్టిన రేకు డబ్బా అమర్చినాం. పాలు ఒక్కో రోజు ఒక్కో తీరుగా పొంగుతాయి, వోల్టేజీ తక్కువుంటే ఇంకా ఆలస్యం. రిహార్సల్లో మొదట్లో మాకు ఊపిరాడలేదు, ఏదో ఒకటి అనాల అనిపించేది, చెయ్యి ఊరికే ఉండదు, అవ్వ ఏషం ఏసే అక్క కొంగు సర్దుకుంటానే ఉండేది. తర్వాత అలవాటైపోయింది. టీ వాసన వచ్చేటప్పటికి జనం కుర్చీల్లో కదుల్తారు, కొంతమంది మింగుతారు గూడ, మాకు వినపడతాది.

తుంగభద్రగట్టు, కర్నూలు:
చాలా సంతోషం, కొంచెం పెద్దగా రాస్తా, ఓపికున్నోళ్ళు చదవండి, లేనోళ్ళు దాటేయండి. పద్యమా మాటనా అనే ఈ పంచాయితీ మన సీమలో కొత్తది కాదు, ఒకే ఇంట్లో నడిచింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, 1853లో పుట్టినాడు, మన ధర్మవరం మనిషి, బళ్ళారిలో వకీలు, ఆంధ్ర నాటక పితామహుడు అని పేరు. తెలుగు నాటకంలో పాత్రలు పద్యాలు, పాటలు పాడే పద్ధతి నిలబడింది ఎక్కువగా ఆయన చేతి మీదనే, 1887లో ఆడిన చిత్రనళీయంతో. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ, 1880లో తాడిపత్రిలో పుట్టినాడు, ఆయనా వకీలే. మేనమామ పద్యం తెస్తే, రాగాలు తీసి పాత్రను చంపొద్దు, మనిషి మనిషిలాగా మాట్లాడాల అని నిలబడింది ఈ మేనల్లుడు. ఆడ పాత్రలు ఆడవాళ్ళే ఏయాలని పట్టుబట్టింది గూడ ఆయనే. కాబట్టి అనంతపురంలో ఎవురన్నా గొంతు తగ్గించి నాటకం ఆడితే అది ఎవురో బయటోళ్ళ అలవాటు కాదు, తాడిపత్రి సరుకే. ఇంగో పక్క చూస్తే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళు, వాళ్ళ మాయలు, మంటలు, గాల్లో తేలేది, కన్ను మూసి తెరిచేలోగా మారిపోయే సెట్టింగులు. అదీ మనదే. రెండూ మనవే అయినప్పుడు ఒకదాన్ని నాటకం కాదనడం ఎందుకు?

బయట దేశాల్లో గూడ ఇదే గొడవ జరిగింది. అమెరికాలో థార్న్‌టన్ వైల్డర్ 1938లో అవర్ టౌన్ అని ఒక నాటకం ఆడించినాడు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, ఆ ఊరు ఆయన కల్పించిందే. స్టేజీ మీద సెట్టింగు లేదు, బల్లలు, కుర్చీలు, రెండు నిచ్చెనలు, అంతే. ఆడవాళ్ళు వంట చేసేది, చిక్కుళ్ళు ఒలిచేది అంతా ఒట్టి చేతులతోనే చూపిస్తారు. పాల మనిషి వస్తాడు, పిల్లోళ్ళు బడికి పోతారు, పెండ్లి అయితాది, మూడో అంకంలో శ్మశానం. కాన్పులో చచ్చిపోయిన అమ్మాయి ఒక్క రోజు వెనక్కి పోయి బతకాలని అడిగి, తన పన్నెండో పుట్టినరోజు తెల్లారు జాముకు పోతాది, అక్కడ వాళ్ళమ్మ పొయ్యి దగ్గర పనిలో ఉండి తలెత్తి చూడదు, ఒక్కసారి నన్ను చూడమ్మా అని ఈ పిల్ల ఎంత అన్నా ఆమెకు వినపడదు. ఆ ఏడాదే దానికి పులిట్జర్ బహుమతి ఇచ్చినారు. కత అడిగితే చెప్పేదానికి ఏముంది, ఏమీ లేదు. అయినా ఇప్పటికీ అమెరికా బడుల్లో పిల్లోళ్ళు ఆడుతూనే ఉండారు.

హార్మోనియంతాత, ఆదోని:
లెక్చరరు సార్, మీరు రాసింది కరెక్టే గానీ ఒకటి మర్చిపోయినారు. రాఘవ గారు రాగం తగ్గించమన్నాడు, గొంతు తగ్గించమని యాడా అనలేదు. మైకుల్లేని కాలంలో పందిట్లో ఆడినోళ్ళకు గొంతు లేకపోతే ముందర వరస తప్ప ఎవురికి వినపడతుంది? ఈ పాప చెప్పినట్ల నాలుగు వరసల జనానికి నాటకం ఆడితే ఆ నాలుగు వరసలే మిగులుతారు. మా నాటకానికి పది ఊర్లోళ్ళు బండ్లు కట్టుకోని వచ్చేటోళ్ళు, దుప్పట్లు తెచ్చుకోని. నలుగురికి వినపడేది, నాలుగు వేల మందికి వినపడేది రెండూ సమానం అంటే నేనొప్పుకోను. అమెరికా సంగతి నాకు తెలీదు.

కార్బన్‌కాగితం, కడప:
నేను ఇక్కడ రాసేది తక్కువ, ఊరికే చదివిపోతా. ఈసారి రాయాల్సి వచ్చింది, ఎందుకంటే మా నాయన అర్జీలు రాసేటోడు, ఒక ఆఫీసు గోడ పక్కన, నేను బడి లేనప్పుడు పోయి కార్బన్లు పెట్టిచ్చేటోన్ని. అందుకే ఈ పేరు.

మొదట, 30 రూపాయల సంగతి. నాయన తీసుకునేటోడు. ఎవురి దగ్గరైనా. రేటు ఒకటే కాదు, మనిషిని చూసి తగ్గించేటోడు గానీ పూర్తిగా మాఫీ చేసేటోడు కాదు. ఒకసారి ఊరికే రాసిచ్చిన మనిషి ఇంగోసారి పనిపడితే మన దగ్గరికి రాడు, మొహం చెల్లక పక్క బల్ల కాడికి పోతాడు, అది నేను కళ్ళారా చూసినా, నిన్న మనం ఊరికే రాసిచ్చినాయన ఈ రోజు మనల్ని చూసీ చూడనట్ల తల దించుకోని పక్కాయనకు డబ్బులిచ్చి రాయించుకుంటాంటే మా నాయన నవ్వి, ఆ మనిషికి మనం ఊరికే ఇచ్చి ఒక మనిషిని పోగొట్టుకున్నాం అన్నాడు. కాబట్టి ఆ డైలాగు రాసినోళ్ళు ఎవురో అట్లాంటి బల్ల దగ్గర కూర్చోనే రాసినారు, దాంట్లో నాకు అనుమానం లేదు.

కానీ చానా చోట్ల తేలిపోయినారు. అవ్వ వచ్చి కూర్చోంగానే ఆయన గౌరవనీయులైన అని మొదలుపెడతాడని రాసినారు. అట్ల ఉండదు. ముందు అడిగేది 'ఎవురి మీద?' అని. తర్వాత పేరు, మొగుని పేరు, ఊరు, మండలం, కార్డు నంబరు, ఆధారు. 'విషయం' అని ఒక లైను, అది రాయడమే అసలు పని, ఎందుకంటే లోపలోళ్ళు ఆ లైను తప్ప చదవరు. వచ్చినోళ్ళు గంటసేపు ఏడ్చి చెప్పిందాన్ని ఆ ఒక్క లైనుకు దించాల. నాయన దగ్గర ఉండే విద్య అదే. కొడుకు ఫోన్ చేయడంలేదు అనేదాన్ని కలెక్టరాఫీసులో ఏ సెక్షనుకు పోతాదో ఆ విషయం లైనులో ఎట్ల రాసినాడో ఆ సీను చూపిచ్చింటే నేను లేచి దండం పెట్టేటోన్ని. చూపిచ్చినారా?

ఇంగ పెద్ద లోటు. సోమవారం కలెక్టరాఫీసు ముందర నిశ్శబ్దం యాడుంటాది సామీ? ఆ గ్రీవెన్సునే మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటాండారు, పేరు మారుతాది గానీ సోమవారం మారదు, ఆ గోల మారదు. ఆటోలు, జెరాక్స్ మిషన్లు, ధర్నా మైకులు, పోలీసులు జరగండి జరగండి అనేది, పిల్లోళ్ళ ఏడుపు. అవ్వల గొంతు వినాలంటే మా నాయన చెవి దగ్గరికి వంగేటోడు. మీరు ఆ గోల తీసేసి యాపచెట్టు కింద టీ కాసుకుంటా కూర్చుంటే అది పిక్నిక్ మాదిరి ఉంటాది.

టీబల్ల, అనంతపురం:
అన్నా, మీరు రాసింది మా గ్రూపులో అందరికీ పంపినా. డైరెక్టరు రెండుసార్లు చదివి ఏం మాట్లాడకుండా లేచిపోయినాడు, అంటే తగిలింది అని అర్థం.

'విషయం' లైను సీను లేదు. ఇప్పుడు పెట్టాలనే గొడవ నడుస్తాండాది. గోల సంగతి మాత్రం మేం ఆలోచించి తీసేసిందే. మొదటి సోమవారం సీనుకు అన్ని శబ్దాలూ పెట్టినాం, ఆటో, ధర్నా, అన్నీ రికార్డు చేసుకోనొచ్చి. రెండో సోమవారం తగ్గించినాం. తర్వాత్తర్వాత పూర్తిగా తీసేసినాం, అంటే ఆ ముగ్గురికీ ఒకరి మాట ఒకరికి తప్ప ఇంగేదీ వినపడడంల్యా అన్నట్ల. జనానికి అది అర్థమైందో లేదో చెప్పలేను.

పెన్నఇసక, అనంతపురం:
నాకు అర్థం కాలేదు, నిజం చెప్తాండా. మొదట్లో శబ్దాలు ఉండి తర్వాత లేకపోతే సౌండోడు మర్చిపోయినాడేమో అనుకున్నా.

డిమ్మర్‌బోర్డు, కర్నూలు:
అదే నేను చెప్పబోతుండా. శబ్దాన్ని తీసేస్తే జనం మిషను పాడైంది అనుకుంటారు. తీసేయగూడదు, కిందికి నొక్కాల. గోల ఎప్పుడూ ఉండాల, అడుగున, అర్జీ పైకి చదివేటప్పుడు మాత్రం నెమ్మదిగా ఒక ముప్పావు నిమిషం మీద దించుకుంటా పోయి, చదవడం అయిపోంగానే ఒక ఆటో హారనుతో మళ్ళా పైకి తేవాల. అప్పుడు జనానికి తెలీకుండానే వాళ్ళూ ముందుకు వంగుతారు, కార్బన్ అన్న నాయన వంగినట్ల. లైటు గూడ అంతే, నెమ్మది నాటకాలోళ్ళు అందరూ చేసేది ఏందంటే సీను బరువుగా ఉంటే నీలం లైటు ఏస్తారు, చూడంగానే నాకు కడుపులో తిప్పుతాది. మన ఊర్ల ఎండ తెల్లగా ఉంటాది, మొహాన కొడతాది, ఆ తెలుపులోనే ఏడిపిస్తే అప్పుడు మొనగాడు.

తుంగభద్రగట్టు, కర్నూలు:
డిమ్మర్ గారు చెప్పింది చదివితే రష్యాలో నాటకాలు రాసిన చెహోవ్ గుర్తొచ్చినాడు. ఆయన సీగల్ నాటకం 1896లో పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడితే జనం ఎగతాళి చేసినారు, ఆయన మధ్యలోనే లేచి స్టేజీ వెనక్కి పోయి కూర్చున్నాడు. రెండేళ్ళకు మాస్కోలో డైరెక్టరు స్టానిస్లావ్‌స్కీ వాళ్ళు అదే నాటకం ఆడి నిలబెట్టినారు. నిలబెట్టిన ఆయనతోనే మళ్ళా చెహోవ్‌కు తగాదా, ఎందుకంటే స్టానిస్లావ్‌స్కీకి స్టేజీ మీద కీచురాళ్ళు, కప్పలు, కుక్కలు, బండి చప్పుళ్ళు పెట్టేది పిచ్చి, అవన్నీ ఎందుకయ్యా అని ఈయన ఎత్తిపొడిచేటోడు. అంటే శబ్దం ఎంత పెట్టాల అనేది నూరేళ్ళు దాటినా తెగలేదు. నా మటుకు నేను కార్బన్‌కాగితం పక్కనే ఉంటా. గోల ఉండాల. మామూలు మనుషుల బతుకు అంటే నెమ్మదిగా ఉంటాదని అనుకునేది మనలాంటి చదువుకున్నోళ్ళ భ్రమ.

సంగటిముద్ద, ప్రొద్దుటూరు:
నాకు ఇంకా చూడని నాటకం మీద ఇంత కోపం ఎందుకొచ్చాందో తెలీదు గానీ ఇంగో మాట. మా పిన్నమ్మ కొడుకు అనంతపురంలో చదువుతాండాడు, వాడు చూసినాడంట. చివర్లో అవ్వ అర్జీ కింద వేలిముద్ర ఏచ్చాది, ఇంకు పూసుకోని, అది కాగితం మీద బాగా పడ్తాది, మిషనుకు అందని వేలు కాగితానికి అందింది అన్నట్ల ఆయన ఆ కాగితాన్ని పైకెత్తి జనానికి చూపిచ్చాడంట. ఇది మాత్రం వద్దు సామీ. గంటసేపు చెప్పకుండా చెప్పి, చివర్లో బోర్డు మీద రాసి చూపిచ్చినట్ల ఏంది ఇది?

పెన్నఇసక, అనంతపురం:
అన్నా ఆ సీను నాకూ నచ్చలేదు. జనం చప్పట్లు కొట్టింది గూడ అక్కడే, అందుకే తీసేయరేమో. నాకు గుర్తుండిపోయింది ఇంగోటి. బల్ల ముందర ఒక బెంచీ ఉంటాది. మొదటి సోమవారం అవ్వ ఎండలో కూర్చుంటాది. తర్వాత ప్రతి సీనులో టీ ఆమె గ్లాసులు పట్టుకోని పోతా పోతా కాలితో ఆ బెంచీని కొంచెం లోపలికి నెడతాది, నీడ యాడుంటే ఆడికి. ఒక్క మాట లేదు, ఆమె మొహంలో గూడ ఏం లేదు, దోవకు అడ్డమని జరిపినట్లే ఉంటాది. నేను ఎన్నో సీనుకు గమనించినానో చెప్పలేను, గమనించినాక ఇంగ బెంచీనే చూస్తా కూర్చున్యా. కొడుకు అర్జీ రాయించే వారం ఆమె బెంచీ జరపదు. ఆ రోజు మబ్బు. టీబల్లా, అది డైరెక్టరు పెట్టిందా నువ్వు పెట్టిందా?

టీబల్ల, అనంతపురం:
బెంచీ నాదే అక్కా. మబ్బు లైటు ఆయనది. ఎవురూ గమనించలేదు అనుకున్యా.

ఎడారిగాలి, రాయచోటి వాడిని, కువైట్‌లో ఉంటా:
డ్యూటీలో ఉండి చదువుతాండా. మా అమ్మకు రాయడం రాదు. నేను వచ్చిన కొత్తల్లో ఫోన్ కార్డులు రేటు, అందుకని జాబులు రాయించేది, మా వీధిలో ఎవురో ఒక పిల్లోనితో. అన్ని జాబుల్లోనూ ఇవే మాటలు, ఇక్కడ అందరమూ క్షేమము, నీ క్షేమము తెలుపగలవు. దాంట్లో అమ్మ మాట ఒక్కటీ ఉండేది కాదు. కానీ చేతిరాత చూసి ఊరి సంగతులు పట్టుకునేటోన్ని. ఎప్పుడూ రాసే ఆడపిల్ల రాత మారి ఇంగొకరి రాత వచ్చిందంటే ఆ పిల్లకు పెండ్లయి ఎల్లిపోయిందని, అక్షరాలు వంకరగా పెద్దగా ఉన్నాయంటే చిన్నపిల్లోనికి బిస్కట్లు ఇచ్చి కూర్చోబెట్టిందని. ఆ అర్జీలాయన రాసే గౌరవనీయులైన కింద అవ్వ మాట యాడుందో వెతుక్కోవాల్సింది వినేటోళ్ళే. ఆ కొడుక్కు ఆ కాగితం అందుతాదా నాటకంలో?

టీబల్ల, అనంతపురం:
అందదు అన్నా. కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాది, రసీదు మడిచి రవికెలో పెట్టుకుంటాది. తర్వాత ఏమైందో మేం చెప్పం.

కార్బన్‌కాగితం, కడప:
రసీదు ఇవ్వాలంటే ఆ 'విషయం' ఏందో లోపల కంప్యూటరులో ఎక్కించాల కదా. మళ్ళా అక్కడికే వచ్చినాం. రాయండి ఆ సీను. కావాలంటే నేను ఫోన్ చేసి చెప్తా, నాయన ఇట్లాంటియి 'కుటుంబ పోషణ గురించి' అని పెట్టేటోడు, వయసైన తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఉండాది, దాని కింద ఆర్డీఓ పిలిపించి విచారించాల. అవ్వకు మాత్రం పోషణ వద్దు, ఫోన్ కావాల. ఆయన 'పోషణ' అని రాసి చదివితే ఆమె 'అన్నం పెట్టమని నేనెప్పుడు అడిగినా?' అని కొట్లాడాల. సీను అదే వచ్చేస్తాది.

డిమ్మర్‌బోర్డు, కర్నూలు:
అబ్బా. దీన్ని కర్నూల్లో ఆడించండి, లైట్లు నేను చూసుకుంటా, డబ్బులు వద్దు. ఊరికే కాదులే, కార్బన్ అన్న భయపడొద్దు, టీ ఇచ్చి తీసుకోండి. పెద్ద హాలు వద్దు, ఐదారొందల కుర్చీల్లో మీ అవ్వ కనపడదు. పరిషత్తు పోటీలకు మాత్రం పంపొద్దండి, మీకు మార్కులు పడవు, జడ్జీలు వాచకం (మాట పలికే తీరు), ఆహార్యం (ఏషం) అని కాలమ్‌లు పెట్టుకోని కూర్చుంటారు, పాలు పొంగేదానికి కాలమ్ లేదు.

హార్మోనియంతాత, ఆదోని:
కర్నూలు పాతబస్తీలో మా పద్యాల సంఘం రిహార్సల్ చేసుకునే గది ఒకటుంది, వంద మంది పడతారు, అద్దె లేదు, కరెంటు బిల్లు ఇస్తే చాలు. అడిగి పెడతా. నాకు నచ్చదని ముందే చెప్తుండా, వస్తా గానీ నచ్చదు. ఆ గోల అంతా రికార్డు పెట్టి వినిపించేది ఎందుకు, కిటికీలు తెరవండి, బయట బజారే ఉంది, దానంతట అదే వస్తుంది.

టీబల్ల, అనంతపురం:
తాతా, కిటికీలు తెరిస్తే ఫ్యాన్ల బాధ గూడ తీరుతాది. గది కొలతలు పంపుతారా? తలుపు ఒకటేనా రెండా? అవ్వ వచ్చే దోవ, జనం వచ్చే దోవ వేరేగా ఉండాల మాకు.

హార్మోనియంతాత, ఆదోని:
తలుపు ఒకటే. జనంతోపాటే లోపలికి వచ్చి కూసోమను, ఎవురు అవ్వో ఎవురు జనమో తెలీకుండా. కొలతలు మనవడు పంపుతాడు, నాకు ఫోన్‌లో రాదు.

సంగటిముద్ద, ప్రొద్దుటూరు:
తారీఖు ఖాయమైతే ఇక్కడ ఏయండి. సోమవారం మాత్రం పెట్టొద్దు, నాకు షాపుంటాది. టికెట్ ఎంత? ఊరికే అంటే రాను.